వీల్‌చైర్ ఎక్కే వ్యానుకి డబ్బు ఎక్కణ్ణుంచి? మేం పోల్చి చూసుకున్న దారులు

థెరపీ దగ్గర వరండాలో కూర్చున్నప్పుడు తోటి తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగే మాట ఒకటే. "వ్యానుకి డబ్బులెట్లా సర్దారండీ?" నేను వెంటనే జవాబు చెప్పను. "ఏ బండి అనుకుంటున్నారు?" అని ఎదురడుగుతాను. చాలామంది అక్కడే ఆగిపోతారు. బండి తేలకుండా డబ్బు అడగడం మొదలుపెడితే, మూడు లక్షలతో పోయేదానికి ఎనిమిది లక్షలని చెప్పి పదిమందిలో పలచనైపోతాం. లేదంటే చేతికొచ్చిన నాలుగు లక్షలూ పెట్టి, కుర్చీలో కూర్చున్న బిడ్డ తల పైకప్పుకి తగిలే బండి కొంటాం. ఈ రెండోది నా కళ్లతో చూశాను.

మాది గుంటూరు, బ్రాడీపేట. పాపకి పదకొండేళ్లు, సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒళ్లు అదుపులో ఉండని స్థితి. బరువు 31 కిలోలు, కుర్చీ ఇంకో 16. వారానికి మూడు రోజులు విజయవాడ ప్రయాణం. నా నడుం పట్టేసిన వారం పాప ఇల్లు కదల్లేదు. మా ఆవిడ ఒక్కతే ఎత్తి ఆటోలో కూర్చోబెట్టలేదు మరి. మా లెక్క అక్కడ మొదలైంది: ఇంట్లో ఏ ఒక్కరు ఉన్నా సరే, పాప బయటికి వెళ్లగలగాలి. బండిని ఎంచుకున్నా, డబ్బు దారి ఎంచుకున్నా ఈ ఒక్క కొలతే పెట్టుకున్నాం.

ముందు బండి తేలాలి

బండి లేకుండా గడిచే ఇళ్లున్నాయి. నెలకి నాలుగైదు ప్రయాణాలు, అవీ ఊళ్లోనే అయితే, తెలిసిన ఆటో అబ్బాయిని నెలవారీ కుదుర్చుకోవడమే మేలు. బిడ్డని ఎట్లా పట్టుకోవాలో రెండు వారాల్లో వాళ్లకీ చెయ్యి తిరుగుతుంది. అప్పు చేసి కొన్న వ్యాను ఇంటిముందు ఎండకి ఎండుతూ వాయిదాలు తినడం కంటే ఇది నయం.

తర్వాతది తిరిగే సీటు. కారు ముందు సీటు తలుపు వైపు తిరిగి కాస్త బయటికి వస్తుంది, కుర్చీలోంచి దాని మీదికి జరిపి మళ్లీ లోపలికి తిప్పుతారు. 2025 చివర్లో మారుతి వాళ్లు వేగన్ ఆర్‌కి ఇట్లాంటి కిట్ తెచ్చారు. ఖర్చు తక్కువ, బండి మామూలు కారులాగే ఉంటుంది, రేపు అమ్ముకోవడమూ తేలిక. కానీ ఇది నడుము నిలిపి కూర్చోగల పిల్లలకే. పక్కకి జరపడానికైనా ఒక మనిషి ఒడుపుగా పట్టుకోవాలి. ఇంకో చిన్న సంగతి, షోరూములో ఎవరూ చెప్పనిది: సీఎన్‌జీ కారు తీసుకుంటే చాలా వాటిల్లో డిక్కీలోనే సిలిండరు కూర్చుంటుంది, మడిచిన కుర్చీకి చోటుండదు. మీ కుర్చీని తీసుకెళ్లి డిక్కీలో పెట్టి చూసి మరీ అడ్వాన్సు ఇవ్వండి.

మూడోది, వెనక తలుపు తీసి ర్యాంపు దించి, కుర్చీతో సహా లోపలికి తోసే వ్యాను. మన దగ్గర దీనికి ఎక్కువగా మారుతి ఈకో వ్యానునే వాడుతున్నారు. వెనక సీటు తీసేస్తే చదునైన చోటు దొరుకుతుంది. మేం తీసుకున్నది ఇదే. నిలబడలేని, మెడ నిలవని, ఏటా బరువు పెరిగే బిడ్డకి ఇదొక్కటే చాలాకాలం పనికొస్తుందని నా అభిప్రాయం. అయితే దీనికి కాస్త లెక్క కావాలి.

వ్యాను నేల భూమికి 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. ఆరడుగుల ర్యాంపు పెడితే, మూడడుగులు పోయేసరికి ఒక అడుగు ఎత్తు ఎక్కాలి. మా పాప, కుర్చీ కలిపి 47 కిలోలు. వాటిని ఆ వాలు మీద తొయ్యడమంటే దాదాపు 16 కిలోలు ఎత్తినంత బలం. ఎనిమిదడుగుల ర్యాంపైతే 12 కిలోలు. ఇవాళ సరే. పాప 50 కిలోలకి వచ్చిన రోజు ఆరడుగుల ర్యాంపు మీద అదే తోపు 22 కిలోలవుతుంది. స్కూళ్లలో, ఆఫీసుల్లో మెట్ల పక్కన కట్టే ర్యాంపుకి ఒకటికి పన్నెండు వాలు, అంటే అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు ఉండాలంటారు. బండికి ఆ వాలు కావాలంటే దాదాపు 24 అడుగుల పలక మోసుకు తిరగాలి, అయ్యే పని కాదు. అందుకని ఎనిమిదడుగులది, మధ్యకి మడిచేది చేయించుకున్నాం. మోటారు కుర్చీ వాడే పిల్లలకైతే ఈ లెక్కే వేరు. కుర్చీ ఒక్కటే మనిషంత బరువుంటుంది కాబట్టి ర్యాంపు కాకుండా లిఫ్టు గురించి ఆలోచించాలి.

వీధి కూడా కొలవాలి. బండి పొడవు 3.7 మీటర్లు, ర్యాంపు 2.4, కుర్చీ తిప్పుకోవడానికి ఇంకో మీటరున్నర. మొత్తం పాతిక అడుగుల ఖాళీ ఉంటేనే పాప దిగగలదు. బ్రాడీపేట లైన్లలో ఫర్వాలేదు. విజయవాడ వన్‌టౌన్ సందుల్లో ఉండేవాళ్లు మాత్రం ఎక్కడ ఆపుతారో చూసుకున్నాకే ముందుకి వెళ్లాలి.

ర్యాంపు కోసం బెంగళూరు, ముంబై కంపెనీలకి ఫోన్లు చేసే ముందు ఆటోనగర్ వెళ్లండి. లారీలకీ బస్సులకీ బాడీలు కట్టే చేతులకి అల్యూమినియం గళ్ల రేకుతో ర్యాంపు చెయ్యడం పెద్ద పనేం కాదు. కానీ కుర్చీని నేలకి బిగించే బెల్టులు, వాటి పట్టాల దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు. ఐఎస్‌ఓ 10542 ప్రమాణం ఉన్న సెట్టే కొనండి, బిగింపు కూడా ఆ పని తెలిసినవాళ్లతోనే. కుర్చీకి నాలుగు మూలలా నాలుగు బెల్టులు, బిడ్డకి విడిగా నడుముకీ భుజానికీ ఒకటి. కుర్చీకున్న వెల్‌క్రో పట్టీ బిడ్డని నిటారుగా కూర్చోబెట్టడానికే తప్ప సడన్ బ్రేకు పడితే ఆపడానికి కాదు. ఈ ఒక్క విషయంలో మా మామగారితో నాకు చిన్న యుద్ధమే జరిగింది. "లారీ తాళ్లతో కట్టించరాదూ" అన్నారాయన.

బండిలో మార్పు చేశాక 14 రోజుల్లో రవాణా ఆఫీసులో తెలియజేసి ఆర్‌సీలో రాయించుకోవాలని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. ఇన్సూరెన్సు కంపెనీకి కూడా రాతపూర్వకంగా చెప్పండి. లేకపోతే ప్రమాదమప్పుడు క్లెయిము దగ్గర పేచీ పెడతారు. చట్టం లెక్కలో ఇట్లాంటి బండి ఆ దివ్యాంగుల కోసమే వాడాలి. అందుకని ఖాళీ రోజుల్లో బాడుగకి తిప్పుదాం, వాయిదా వెళ్లిపోతుంది అనే ఆలోచన వదులుకోండి.

మా లెక్క ఇలా తేలింది: రెండేళ్లు తిరిగిన ఈకో 4,10,000. ర్యాంపు, నేల చదును, బెల్టులు 85,000. కాగితాలు, ఇన్సూరెన్సు 25,000. మొత్తం 5,20,000. కొత్త బండే కావాలంటే ఆన్‌రోడ్ ఆరు లక్షలు దాటుతుంది, మార్పుల ఖర్చు అదనం.

ప్రభుత్వం వైపు నుంచి

ఇక్కడ ఎక్కువ సేపు ఆగను. బిడ్డ కోసం వ్యాను కొనిచ్చే పథకం నాకు ఎక్కడా కనపడలేదు. దివ్యాంగులకి పరికరాలిచ్చే కేంద్ర పథకం ఏడిప్ కింద, ప్రభుత్వ సంస్థ అలింకో వాళ్లిచ్చేవి కుర్చీలు, కాళ్లకి కట్టే కాలిపర్లు, వినికిడి యంత్రాలు. రాష్ట్రంలో ఇచ్చే మూడు చక్రాల మోటారు బళ్లు సొంతంగా నడుపుకోగల పెద్దవాళ్లకి. బడికి వెళ్లే పిల్లలకి సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద రవాణా భత్యం, తోడు వెళ్లే మనిషికి ఎస్కార్టు భత్యం ఉన్నాయి. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మీ మండలంలో ఉండే భవిత కేంద్రంలో అడగండి. చిన్న మొత్తాలే, అయినా వదులుకోవద్దు.

జీఎస్టీ రాయితీ గురించి మాత్రం ఒక మాట. ఇదివరకు చిన్న కార్ల మీద 28 శాతం పన్ను, పైన సెస్సు ఉండేవి. భారీ పరిశ్రమల శాఖ సర్టిఫికెట్ తెచ్చుకున్న దివ్యాంగులకి 18 శాతమే పడేది. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకి అందరికీ 18 శాతమే. కాబట్టి "ఆ సర్టిఫికెట్ నేను ఇప్పిస్తా, పదివేలివ్వండి" అనే ఏజెంటుకి నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

ఆన్‌లైన్‌లో అడగడమా, ట్రస్టా, మనవాళ్లా

మిలాప్, కెట్టో, ఇంపాక్ట్‌గురు లాంటి వేదికలు అందరికీ తెలిసినవే. ఐసీయూలో బిడ్డ ఉన్నప్పుడు, పదిరోజుల్లో ఆపరేషన్ ఉన్నప్పుడు అవి నిజంగా ప్రాణాలు నిలబెడతాయి. వ్యానుకి ఆ తొందర ఉండదు. "ఈ నెల కాకపోతే వచ్చే నెల కొనుక్కుంటారులే" అనిపిస్తుంది చూసేవాళ్లకి. మేమూ పెట్టాం. 45 రోజుల్లో 41 మంది వేశారు, కోతలు పోను 30,000 చేతికొచ్చింది. ఆ 41 మందిలో 33 మంది పేర్లు నా ఫోనులో ఉన్నవే! వాళ్లు నేరుగా వేసినా వేసేవాళ్లే. ఊరికి దూరంగా ఉండి మన ముఖం తెలియనివాళ్లు వెయ్యడం మీద ఆశ పెట్టుకుని ఈ దారిలోకి వెళ్లొద్దు. మీ బిడ్డ కథ ఇప్పటికే నలుగురి నోళ్లలో ఉండి, లింకు తిప్పే స్నేహితులు పాతికమందైనా ఉంటే పనికొస్తుంది.

లింకు తిరగడం మొదలయ్యాక వింత ఫోన్లు వస్తాయి. "లక్ష వేస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అన్నాడొకడు. డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, పోవడానికే. "ప్రచారం మేం చేస్తాం, వచ్చినదాంట్లో ముప్ఫై శాతం మాది" అన్నవాడు ఇంకొకడు. ఫొటో విషయంలో కూడా మీరే గట్టిగా ఉండాలి. ఏడుస్తున్న ఫొటో పెడితే ఎక్కువ వస్తుందని మాకు సలహా ఇచ్చారు. రేపు పాప పెద్దదై అది చూస్తుంది కదా. మేం పెట్టింది మా ఆవిడ కుర్చీ పట్టుకుని ఆటో పక్కన నిలబడ్డ ఫొటో. పాప వెనకనుంచి మాత్రమే కనిపిస్తుంది.

ట్రస్టు, క్లబ్బుల దారి నిదానం, కానీ నాకు దీని మీదే నమ్మకం ఎక్కువ. రోటరీ, లయన్స్, వాకర్స్ క్లబ్బులు, వర్తక సంఘాలు, గుడి కమిటీలు, చర్చిలు అన్నీ ఇందులోకే వస్తాయి. గుంటూరులో మిర్చి యార్డు వ్యాపారులు, విజయవాడలో ఆటోనగర్ వాళ్లు ఒకరి మాట ఒకరు వింటారు. ఒకరు ముందుకొస్తే మిగతావాళ్లు కదులుతారు. వాళ్లకి కావలసింది కన్నీళ్లు కాదు, కాగితాలు: సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో రాసిచ్చేది), యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), డాక్టరు రాసిన అరపేజీ ఉత్తరం, బండి కొటేషను, ర్యాంపు కొటేషను, మేం ఎంత పెట్టుకుంటున్నామన్న లెక్క. ఆ చివరిది లేకుండా వెళ్లకండి. "మేం రెండు లక్షలు పెట్టుకున్నాం, ఇంత తగ్గింది" అన్నప్పుడు కమిటీలో చర్చ సగం తగ్గిపోయింది. వాళ్లు నేరుగా డీలరు పేరునో వర్క్‌షాపు పేరునో చెక్కు ఇస్తారు, అది మనకీ హాయి. పెద్ద కంపెనీలు సమాజ సేవకి పెట్టే సీఎస్‌ఆర్ నిధి కావాలన్నా మామూలుగా ఇట్లాంటి నమోదైన సంస్థ ద్వారానే వస్తుంది.  మాకు ఒక ట్రస్టు 1,30,000 ఇచ్చింది. అడిగిన రోజు నుంచి నాలుగు నెలలు పట్టింది.

ఇక మనవాళ్లు. బంధువులు 1,20,000 ఇచ్చారు, నా పదో తరగతి బ్యాచ్ 40,000. ఇక్కడ నేర్చుకున్నది ఒకటుంది. "వ్యానుకి సాయం చెయ్యండి" అని గ్రూపులో పెడితే చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. వారం తర్వాత బెల్టుల సెట్టు కొటేషను ఒక్కటే పెట్టి, "ఇది మన బ్యాచ్ తరఫున అయితే బాగుంటుంది" అన్నాను. రెండు రోజుల్లో నిండిపోయింది. పేరు పెట్టి చెప్పగల వస్తువుకి జనం ఇస్తారు. ఇవాళ పాపని బిగించినప్పుడల్లా నాకు పదో తరగతి బెంచీలు గుర్తొస్తాయి.

మన రెండు ఊళ్లలో ఇంటికొకరు అమెరికాలో ఉన్నట్టే ఉంటుంది కాబట్టి ఇది కూడా చూసుకోండి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళాల చట్టం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల సంగతి వేరు. ఆ చట్టం కింద నమోదు కాని ట్రస్టుకి వాళ్ల చేత డబ్బు వేయించకూడదు.

పన్ను సంగతి ముందే చూసుకోవాలి

ఇది ఎవరూ చెప్పరు, మాకు ఆడిటరు గారు చెప్పేదాకా తెలీదు. ఒక ఏడాదిలో బంధువులు కానివాళ్ల నుంచి వచ్చిన బహుమతి డబ్బు మొత్తం 50,000 దాటితే, దాటినంతే కాదు, మొత్తం మీ ఆదాయంలో కలుస్తుంది. బంధువులంటే మన పిలుపుల లెక్క కాదు, చట్టం లెక్క. మేనమామ బంధువే. మేనమామ కొడుకు కాడు! మీరు నోరారా బావా అని పిలిచినా సరే. తోబుట్టువులు, వాళ్ల భార్యాభర్తలు, అమ్మానాన్నల తోబుట్టువులు, తాతలు, బామ్మలు లోపల. కజిన్లు, స్నేహితులు, బ్యాచ్ వాళ్లు బయట.

మాకు ఆన్‌లైన్ 30,000, బ్యాచ్ 40,000 కలిపితే 70,000. నా ఖాతాలో పడితే నా జీతం మీద కలిసేది. దారి ఏమిటంటే, మైనరు పిల్లల ఆదాయం మామూలుగా తల్లిదండ్రుల ఆదాయంలో కలుపుతారు, కానీ 40 శాతం, ఆ పైన వైకల్యం సర్టిఫికెట్ ఉన్న మైనరుకి ఆ కలపడం లేదు. పాప పేరున పాన్, బ్యాంకు ఖాతా తీసి అందులో వేయించాం. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో నాలుగు లక్షల వరకు పన్నే లేదు. నమోదైన ట్రస్టు ఇచ్చినదానికి ఈ 50,000 గొడవే వర్తించదు. దాతలకి కూడా విరాళం మీద పన్ను మినహాయింపు (80జీ అంటారు) ట్రస్టుకిస్తేనే, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. నగదుగా రెండు వేలు దాటితే రాదు. మీ చేతికిస్తే మినహాయింపు లేదు, ఆ మాట ముందే చెప్పెయ్యండి. మీ బిడ్డకి పదిహేడేళ్లు నిండుతుంటే మాత్రం ఖాతా తెరిచేముందు గార్డియన్‌షిప్ సంగతి కలెక్టరేట్‌లో కనుక్కోండి. మేధోవైకల్యం ఉన్నవాళ్లకి పద్దెనిమిది తర్వాత తల్లి సంతకమైనా ఊరికే చెల్లదు.

మిగిలినది అప్పు

మొత్తం విరాళాలతోనే కొనాలన్న పట్టుదల నాకు నచ్చదు. ఏడాదిన్నర అడుగుతూ కూర్చుంటే ఆ ఏడాదిన్నరా బిడ్డ ఇంట్లోనే కదా. మేం రెండు లక్షలు పాత బండి లోను తీసుకున్నాం, 13 శాతం వడ్డీకి నాలుగేళ్లు. వాయిదా 5,365. పాపకి వచ్చే ఎన్టీఆర్ భరోసా పింఛను 6,000. కాగితం మీద సరిగ్గా సరిపోయింది, కానీ దాన్ని నమ్ముకోలేదు. డైపర్లు, మందులు అందులోంచే వెళ్తాయి. పైగా 2025లో వికలాంగుల పింఛన్ల మీద జరిగిన పునఃపరిశీలన అందరూ చూశారు. వాయిదా మన సంపాదనలోంచి కట్టగలిగితేనే సంతకం పెట్టండి. లోను మీద కొంటే ఆర్‌సీ తండ్రి పేరునో తల్లి పేరునో ఉంటుంది, మైనరుకి లోను ఇవ్వరు.

బంగారం లోను వడ్డీ చాలాసార్లు పాత బండి లోను కంటే తక్కువే పడుతుంది. ఆర్నెల్లలో తీర్చే డబ్బు కళ్లముందుంటే, అంటే ట్రస్టు చెక్కు ఖాయమై ఆలస్యమవుతుంటే, అదే మంచిది. ఏళ్ల తరబడి అయితే వద్దు. చీటీ ఇప్పటికే నడుస్తుంటే మధ్యలో పాడుకోవచ్చు, నమోదైన చీటీల్లో కంపెనీ కమిషను 7 శాతం దాటకూడదు. వ్యాను కోసం కొత్తగా చీటీ వేసి మొదటి నెలల్లోనే పాడితే ఎంత కోసుకుపోతుందో కాగితం మీద వేసుకుని చూడండి.

వచ్చిన ప్రతి రూపాయికీ మేం నెలనెలా ఖాతా స్టేట్‌మెంటు గ్రూపులో పెట్టాం. మిగిలితే ఏం చేస్తామో మొదటి రోజే చెప్పాం: టైర్లకి. మిగల్లేదనుకోండి.

బండి తెచ్చుకునే రోజు గురించి ఒకటి చెప్పాలి. వర్క్‌షాపుకి మీరొక్కరే వెళ్లకండి. బిడ్డని, బిడ్డని ఎప్పుడూ తోసే మనిషిని తీసుకెళ్లండి. మేం వెళ్లినప్పుడు నేను దూరంగా నిలబడ్డాను. మా ఆవిడ ఒక్కతే ర్యాంపు దించి, పాపని తోసి, నాలుగు బెల్టులూ బిగించింది. పదకొండు నిమిషాలు పట్టింది. దిగి వచ్చి, "చెప్పు జారుతోంది, అడ్డపట్టీలు కావాలి" అంది. అక్కడే వెల్డ్ చేయించి, ఇంకోసారి ఎక్కించి చూసుకున్నాకే మిగతా డబ్బు ఇచ్చాం.